ఎర్రగుంట్ల బండల నుంచి నిన్ బిన్ కొండల దాకా: మా వియత్నాం ట్రిప్ (నా అనుభవం)

మా కడప జిల్లాలో పాస్‌పోర్ట్ తీసుకుంటాండాం అంటే ఎవరైనా మొదట అడిగేది "కువైట్‌కేనా?" అనే. రాయచోటి, రాజంపేట వైపు ఎన్ని కుటుంబాలు అక్కడ కష్టపడి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నాయో అందరికీ తెలుసు, కాబట్టి ఆ అడగడంలో తప్పేం లే. సంపాదనకి కాదు, ఊరికే చూసి వద్దామని పోతాండాం అంటే మాత్రం దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్ అని వరసగా మూడు పేర్లు చెప్తారు, ఏ ట్రావెల్ ఆఫీసుకి పోయినా అవే ప్యాకేజీలు. నాకు పెద్ద బిల్డింగులు, మాల్స్ చూడాలని ఎప్పుడూ అనిపించలే. డబ్బు పెట్టి అంత దూరం పోతే కొండలు, నీళ్లు, గుహలు చూడాల, అది గూడా మా అమ్మని, ఎనిమిదో క్లాసు చదివే మా వాడిని తీసుకోని పోయి చూపించాల అని మనసులో ఉన్నింది.

మాది ఎర్రగుంట్ల. మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపినాడు, ఇప్పుడు నేను చూసుకుంటాండా. నాపరాయి, కడప బండలు అని మీ ఇంట్లో నేల మీదో వంటింటి గట్టు మీదో ఉంటాయి చూడండి, అదే మా బతుకు. అది సున్నపురాయి. మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు అన్ని వచ్చినాయంటే కారణం అదే. బేలం గుహలు గూడా ఆ రాతిలోనే ఏర్పడినాయి, మాకు అంత దూరం గూడా కాదు, స్కూల్లో ఉన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పోయినానో లెక్క లే. లోపల 3,229 మీటర్లు కొలిచినారు, మనల్ని పోనిచ్చేది దాంట్లో ఒకటిన్నర కిలోమీటర్ దాకా. అట్లాంటోడికి ఒకరోజు ఫోన్లో నిన్ బిన్ అనే ఊరి ఫోటో కనపడింది. నీళ్లలోంచి నిటారుగా లేచిన బూడిద రంగు కొండలు, కింద చిన్న పడవ. ఆ రంగు, ఆ పొరలు చూసినాక ఇది మన రాయే కదా అనిపించింది. చదివి చూస్తే నిజమే, సున్నపురాయే. ఇంక వేరే దేశం గురించి ఆలోచన చేయలే.

ఒకే జాతి రాయి మన కాడ నేల కింద గుహలు అయ్యి, వాళ్ల కాడ ఆకాశంలోకి కొండలై నిలబడడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి నీళ్లు. వంటింట్లో నాపరాయి గట్టు మీద చింతపండు పులుసు ఒలికితే తుడవకుండా వదిలేసి చూడండి, పొద్దునకల్లా ఆడ పాలిష్ పోయి తెల్లగా మచ్చ పడింటాది. మా దగ్గర బండలు కొన్న ప్రతి ఇంటావిడకీ ఈ మాట చెప్పి పంపిస్తాం. పులుపు సున్నపురాయిని తినేస్తాది. వాన నీళ్లు గూడా గాల్లో, మట్టిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ కలుపుకోని కొంచెం పులుపెక్కుతాయి, అందుకే రాయిని లక్షల ఏళ్లు కరిగిస్తా పోతాయి. మన కడపలో ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్ల వాన, నిన్ బిన్ వైపు 1,700 పైనే. పైగా అక్కడి రాతి పొర చానా మందం, భూమి పైకి లేచి పగిలింది, ఆ పగుళ్ల గుండా నీళ్లు దిగి దిగి మధ్యలోదంతా కరిగిపోయి మిగిలినవే ఆ కొండలు. ఇంకొకటి తెలిసి నాకు చానా గర్వం అనిపించింది, వయసులో మన రాయే పెద్దది. వాళ్లది పాతిక ముప్పై కోట్ల ఏళ్ల లెక్కలో ఉంటే మనది యాభై కోట్ల కన్నా పాతది. అందుకే వాళ్ల రాతిలో గవ్వలు, పగడాలు దొరుకుతాయి, మన బండని ఎంత కోసినా ఒక్క గవ్వ గూడా కనపడదు, గవ్వలుండే జీవాలు పుట్టకముందే అడుగున పేరుకున్న రాయి అది.

సరే, ఇంక ఎట్ల పోయినామో చెప్తా.

మొదట నెల చూసుకోవాల. వియత్నాం పొడుగాటి దేశం, ఉత్తరాన ఒక వాతావరణం, మధ్యలో ఒకటి, దక్షిణాన ఒకటి. మా వాడికి దసరా సెలవులు, అంటే అక్టోబర్. ఆ టైంలో ఉత్తరాన హనోయ్, నిన్ బిన్, హాలాంగ్ బే బాగుంటాయి, ఎండ తగ్గి వాన తగ్గి గాలి చల్లగా ఉంటాది. మధ్య వియత్నాంలో మాత్రం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా తుఫాన్లు, వరదలు, దా నాంగ్, హోయ్ ఆన్ ఆ లైన్లో ఉండేవే. ఎంతోమంది దసరాకి ప్యాకేజీ తీసుకోని ఆ గోల్డెన్ బ్రిడ్జి (రెండు పెద్ద రాతి చేతులు పట్టుకున్నట్టు ఉంటాదే అది, 2018లో తెరిచినారు) చూడ్డానికి పోయి మంచులో, వానలో నిలబడి వస్తాండారు. ప్యాకేజీ అమ్మేటోళ్లు ఈ మాట చెప్పరు. కాబట్టి మేం ఉత్తరం ఒక్కటే పెట్టుకున్నాం, రెండు చోట్లే చూద్దాం, నిదానంగా చూద్దాం అనుకున్నాం. రోజుకో ఊరు మారుతా పోతే పెద్దోళ్లు అలిసిపోతారు, ఎక్కడ ఏం చూసినామో గుర్తు గూడా ఉండదు.

పాస్‌పోర్టులకి కడప హెడ్ పోస్టాఫీసులో ఉండే సేవా కేంద్రానికి పోయినాం. ఆన్‌లైన్లో ఫీజు కట్టి (పెద్దోళ్లకి 36 పేజీల బుక్కు 1,500, అరవై దాటిన వాళ్లకి పది శాతం తగ్గిస్తారు) స్లాట్ బుక్ చేసుకోని పోవడమే, పని సులభమే, కానీ పేర్ల కాడ జాగ్రత్త. మన వైపు ఆధార్‌లో అందరికీ ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటాది, ముందు ఇనీషియల్, వెనక పేరు. పాస్‌పోర్టులో ఇనీషియల్ ఒప్పుకోరు, పూర్తిగా రాయాల. మా అమ్మకి ముందు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా సరి చేయించి, ఆ తర్వాతే అప్లై చేసినాం. సర్‌నేమ్ ఖాళీ పెట్టి మొత్తం పేరు ఒకే గడిలో రాసినా పాస్‌పోర్ట్ వస్తాది, కానీ ఆ తర్వాత ప్రతి వీసా ఫారంలో, ప్రతి టికెట్ బుకింగ్‌లో సర్‌నేమ్ తప్పనిసరి అని అడుగుతా ఉంటాది, ఆ తలనొప్పి ఎందుకు, ముందే ఇంటిపేరు ఆ గడిలో పెట్టేయండి.

ఇంకో సంగతి. మా అమ్మ చదివింది ఐదో క్లాసు. మా ఊర్లో ఒకాయన "పది పాస్ కాలేదు కదా, ఈసీఆర్ పడతాది, అది తీయించాలంటే కొంచెం ఖర్చవుతాది" అని చెప్పినాడు. ఈసీఆర్ అంటే పనికి బయటి దేశం పోయే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాల అనే ముద్ర. అది నిజం కాదు. యాభై ఏళ్లు దాటిన వాళ్లకి చదువుతో పని లేకుండా ఈసీఆర్ లేని పాస్‌పోర్టే ఇస్తారు. అసలు ఆ స్టాంపు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి పనికి పోయేవాళ్ల రక్షణ కోసం పెట్టింది, టూరిస్టుగా వియత్నాం పోయేదానికి దాంతో సంబంధమే లే. దయచేసి ఇట్లాంటి మాటలకి ఎవరూ డబ్బులు ఇవ్వద్దు. ఆ రోజు క్యూలో మా అమ్మ పక్కన కూర్చున్న ఆమె కువైట్‌లో ఇంటి పనికి పోతాంది, "నువ్వు యాడికి పోతాండావక్కా ఈ వయసులో?" అని అడిగింది. "కొండలు చూడను పోతాండా మ్మా" అని మా అమ్మ చెప్పింది. ఆమె "మంచిదక్కా, పోయి రా, నా కొడుకు గూడా నన్ను అట్ల తీసుకపోతానన్నాడు" అనింది. ఆమెని మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటాం.

వీసా చానా తేలిక. ఈ-వీసా, ఒకసారి ఎంట్రీకి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. మనిషికొకటి, పిల్లోళ్లకి గూడా వేరేగా కట్టాల. ఇక్కడ ఒక్కటే చూసుకోండి, గూగుల్‌లో కొట్టగానే పైన వచ్చేవన్నీ ప్రభుత్వం సైట్లు కావు, అచ్చం అట్లే ఉండి రెండింతలు మూడింతలు తీసుకునేవి ఉండాయి. చిరునామా చివర గవ్ డాట్ విఎన్ అని ఉండేదే అసలుది. ఫోటో కళ్లద్దాలు లేకుండా, పాస్‌పోర్ట్ మొదటి పేజీ కింద ఉండే ఆ బాణం గుర్తుల లైన్లు రెండూ కనపడేటట్టు ఫోటో తీసి పెట్టాల, పేరు పాస్‌పోర్టులో ఎట్లుందో అక్షరం తేడా లేకుండా కొట్టాల. పేరులో తేడా ఉంటే మళ్లీ 25 డాలర్లు కట్టి కొత్తది తీసుకోవాల్సిందే, కట్టింది తిరిగిరాదు. వచ్చినాక ప్రింట్ తీసి పెట్టుకోండి, బెంగళూరులో చెక్-ఇన్ కౌంటర్ కాడే అడుగుతారు.

అవును, బెంగళూరు. మాకు హైదరాబాద్ కన్నా అదే దగ్గర, పైగా ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లి కాడ, అంటే మనం పోయే వైపే ఉంటాది, ఊర్లోకి పోయి ట్రాఫిక్‌లో ఇరుక్కునే పనే లే. పులివెందుల, కదిరి మీదుగా కార్లో పోయినాం. వియత్నాం టైం మనకన్నా గంటన్నర ముందు, కాబట్టి నిద్ర పాడవ్వడం, తల తిరగడం అట్లాంటివి పెద్దోళ్లకి గూడా రాలే.

డబ్బుల సంగతి. ఒక రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి, ఊరికి పోయిన మొదటి రోజే లక్షాధికారులం, కోటీశ్వరులం అయిపోతాం. చివర మూడు సున్నాలు తీసేసి మూడుతో గుణించి, దానికి ఇంకొంచెం కలుపుకుంటే మన రూపాయల్లోకి వస్తాది, మా వాడు అదే పనిగా లెక్కలు చెప్తా ఉన్నాడు. పది వేలు, ఆ పైన ఉండే నోట్లన్నీ ప్లాస్టిక్. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే, రాత్రిపూట ట్యాక్సీలో తొందరగా తీసి ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూడండి, ఒకటి 70 రూపాయల లోపు, ఇంకొకటి దాదాపు 1,700. మేం డాలర్లు తీసుకోని పోయి హనోయ్‌లో హాంగ్ బాక్ అనే వీధిలో మార్చుకున్నాం. అది పాత ఊర్లో కంసాలుల వీధి, ఇప్పటికీ వెండి, బంగారం అంగళ్లు ఉండాయి, పర్మిషన్ ఉండే కొన్ని అంగళ్లలో డబ్బు మారుస్తారు. మా ఆవిడది ప్రొద్దుటూరు. బంగారం అంగళ్ల మధ్య పుట్టి పెరిగినామె, ఆ వీధిలో అడుగు పెట్టగానే ఇంట్లోకి పోయినట్టు పోయింది. కౌంటర్ మీద కాటా ఎట్ల పెట్టినారు, నగ పని ఎట్లుంది అని చూస్తా, ఆ అంగడామెతో ఒక్క మాట భాష తెలీకుండా అరగంట సేపు గాజులు, గొలుసులు చేతులతో చూపించుకుంటా మాట్లాడింది. నలిగిన డాలర్లు, పెన్ను గీత ఉన్నవి తీసుకోరు, ఇక్కడ బ్యాంకులో కొత్త నోట్లు అడిగి తీసుకోండి.

హనోయ్ గురించి ఎక్కువ చెప్పను. సరస్సు చుట్టూ సాయంత్రం నడక బాగుంటాది, బైకులు మాత్రం మన ఊరి జాతరలో జనం మాదిరి వస్తానే ఉంటాయి, రోడ్డు దాటేటప్పుడు ఆగకుండా నిదానంగా ఒకే వేగంతో నడవాల, వాళ్లే తప్పుకోని పోతారు. మా అమ్మ మొదట భయపడింది, రెండో పూటకి ఆమే మా వాడి చెయ్యి పట్టుకోని దాటిస్తాంది.

ఇంక నిన్ బిన్. హనోయ్ నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్ల లోపే, రైలుంది, చిన్న వ్యాన్లు ఉండాయి, రెండు గంటలు. చానామంది హనోయ్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే టూర్ తీసుకుంటారు. నా మాట వినండి, అట్ల పోవద్దు. ఆ బస్సులన్నీ పది, పదకొండుకి వచ్చి సాయంత్రం నాలుగుకల్లా పోతాయి, ఆ నడుమ పడవల రేవులో తిరణాలే. అక్కడే రాత్రులు ఉన్నోళ్లకి పొద్దున, సాయంత్రం ఆ కొండలన్నీ వాళ్లవే. మేం టామ్ కాక్ కాడ ఒక ఇంట్లో దిగినాం, వెనక కిటికీ తీస్తే కొండ గోడ చేతికందేంత దగ్గర.

ట్రాంగ్ ఆన్ (వాళ్లు చాంగ్ ఆన్ అని పలుకుతారు) పడవలకి పొద్దున రేవు తెరిచే టైంకే పోయినాం. 2014లో యునెస్కో వారసత్వ స్థలం అయ్యింది, ప్రకృతికి ఒకటి, చరిత్రకి ఒకటి రెండు లెక్కల్లోనూ. ఒక పడవకి నలుగురు, తెడ్డు వేసేది ఎక్కువగా ఆడోళ్లే. మాకు వచ్చినామెకి మా అమ్మ ఈడే ఉంటాది. మూడు రూట్లు ఉండాయి, టికెట్ తీసుకునేటప్పుడు ఏ రూటో చెప్పాల. గుహలు ఎక్కువ కావాలంటే ఒకటో రూటు, తొమ్మిది గుహలు, దాదాపు మూడు గంటలు పడవ మీదే. మేం అదే తీసుకున్నాం, నేను పోయిందే గుహల కోసం కాబట్టి.

మొదటి గుహ కాడికి వచ్చేసరికి కొండ అట్లే నీళ్లలోకి దిగిపోయి ఉంటాది, దోవ ఎక్కడుందో కనపడదు, పడవ నేరుగా రాతికి తగిలేటట్టే పోతాది, దగ్గరికి పోయినాక అడుగున చిన్న సందు. అందరం వంగినాం. లోపల కొన్ని చోట్ల కప్పు ఎంత కిందికి ఉంటాదంటే తల మోకాళ్ల మీద పెట్టుకోవాల. చీకటి గుహ అని ఒకటుంది, 320 మీటర్లు, దాంట్లో అక్కడక్కడ పెట్టిన బల్బుల వెలుతురులో ఆమె ఒక్కతే ఎటు తిప్పాలో, ఎక్కడ తెడ్డుతో రాతిని తోసి పడవని పక్కకి జరపాలో చూసుకుంటా పోయింది, ఒక్కసారి గూడా పడవ అంచు రాతికి తగలలే. మా అమ్మ కప్పుని చేత్తో తాకింది. తాకి, "ఒరే, ఇది మన బండే రా, చల్లగా అట్లే ఉండాది" అనింది. ఇంట్లో నాపరాయి నేల మీద ఎండాకాలం మధ్యాన్నం పండుకున్న మనిషి చెప్పిన మాట అది, నేను ఎన్ని రాతలు చదివి పోయినా దాని ముందు తక్కువే.

నేను చూసిన తేడా చెప్తా. బేలంలో గోడలు నున్నగా, వంపులు తిరిగి ఉంటాయి, ఒకప్పుడు నీళ్లు పారిన దోవలు, ఇప్పుడు ఎండిపోయినాయి, అడుగున పాతాళగంగ కాడ మాత్రం నీళ్లు కనపడతాయి. ఇక్కడ నీళ్లు ఇంకా పని చేస్తానే ఉండాయి. కప్పు నుంచి చుక్కలు పడతానే ఉంటాయి, మెడ మీద, చేతుల మీద. నీళ్ల మట్టం కాడ కొండ చుట్టూ లోపలికి తినేసిన గీత ఉంటాది, గొడ్డలితో చెట్టు మొదలు చుట్టూ నరికినట్టు. కొన్ని కొండలకి ఆ గీత ఇప్పటి నీళ్ల కన్నా చానా పైన గూడా కనపడతాది. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చి నిలిచి పోయిన గుర్తు అది. ఇప్పుడు సముద్రం ఎక్కడో ఉంది. ఆ గుహల్లో ముప్పై వేల ఏళ్ల కిందటి నుంచి మనుషులు ఉన్న ఆనవాళ్లు దొరికినాయి, సముద్రం వచ్చినా పోయినా వాళ్లు ఆ కొండల్నే పట్టుకోని బతికినారు. మా వాడికి ఆ గీతలు చూపిస్తే దారి పొడుగునా ప్రతి కొండకీ అదే వెతుకుతా కూర్చున్నాడు, ఫోన్ బయటికి తీయలే.

గుహ దాటి బయటికి వస్తే ఒక చిన్న మడుగు, చుట్టూ నాలుగు పక్కలా నిటారు కొండలు, వేరే దోవే ఉండదు, మళ్లీ ఇంకో గుహ గుండా పోతేనే ఇంకో మడుగు. అట్ల ఒకదాని వెనక ఒకటి. నడుమ ఒడ్డున గుళ్లు, ఆగి మెట్లెక్కి దండం పెట్టుకోని రావచ్చు. సారాయి కాచిన గుహ అని ఒకటి, అక్కడి నీళ్లతో రాజుకి సారాయి కాచేవాళ్లంట, జాడీలు పెట్టింటారు. చివర దిగేటప్పుడు తెడ్డు వేసినామెకి విడిగా కొంచెం డబ్బు ఇవ్వడం అక్కడ మర్యాద, టికెట్ డబ్బులో వాళ్లకి వచ్చేది తక్కువ, మూడు గంటలు చేతులు ఆడించినామెకి మనస్ఫూర్తిగా ఇవ్వండి. మా అమ్మ డబ్బుతో పాటు తను తెచ్చుకున్న మురుకులు గూడా ఇచ్చింది, ఆమె అప్పటికప్పుడే కొరికి చూసి బొటనవేలు ఎత్తి చూపించింది.

హోవా లూ పక్కనే. 968 నుంచి 1010 దాకా అది వాళ్ల రాజధాని, ఆ తర్వాత ఇప్పటి హనోయ్‌కి మార్చినారు. చుట్టూ కొండలే కోట గోడలు, కొండకీ కొండకీ మధ్య ఖాళీ ఉన్నచోట మాత్రం మట్టి కట్టలు వేసినారు. గండికోట చూసిన వాళ్లకి ఈ తెలివి వెంటనే అర్థమవుతాది, పెన్నా లోయ ఒక పక్కన ఉంటే ఆ వైపు గోడ ఎందుకు. (గండికోట ఎర్ర రాయి మాత్రం సున్నపురాయి కాదు, గట్టి ఇసుకరాయి జాతి, అందుకే పెన్నా దాన్ని కరిగించలే, కోసుకోని పోయింది.)

హాంగ్ మువా కొండకి 500 దాకా మెట్లు, పైన రాతి డ్రాగన్ బొమ్మ, అక్కడి నుంచి కింద నది వంకర్లు తిరిగి పోవడం కనపడతాది. అమ్మని కింద నీడలో కూర్చోబెట్టి మేం ముగ్గురం ఎక్కినాం. మీరు ఫోటోల్లో చూసే బంగారు రంగు వరిచేలు కావాలంటే మే చివర, జూన్ మొదట్లో పోవాల, అక్టోబర్‌కి అక్కడ కోతలు అయిపోయింటాయి, మళ్లలో నీళ్లు, బాతులు. నాకు అది గూడా బాగానే నచ్చింది, నీళ్లలో కొండల నీడలు పడతాయి.

తిండి. మా అమ్మ శాకాహారి, మేం తింటాం. శాకాహారులకి అక్కడ ఇబ్బంది ఫిష్ సాస్, కూరగాయల వేపుడులో గూడా అదే వేస్తారు. "ఆన్ చాయ్" అంటే వాళ్లకి మాంసం, చేప, ఆ సాస్ ఏదీ లేని బౌద్ధుల భోజనం అని అర్థమవుతాది, ఫోన్లో వాళ్ల లిపిలో రాసి పెట్టుకోని చూపించండి, వట్టి వెజిటేరియన్ అని ఇంగ్లీషులో చెప్తే చేప వేసి ఇస్తారు. అమావాస్య, పౌర్ణమికి అక్కడ చానామంది చాయ్ తింటారు, ఆ రోజుల్లో యాడ చూసినా దొరుకుతాది. టోఫు, పుట్టగొడుగులు, అన్నం. ఊరగాయ, పొడులు మేం తీసుకపోయినాం కాబట్టి జరిగింది. మాకు మాత్రం పండగే, నిన్ బిన్‌లో పేరున్న తిండి కొండ మేక మాంసం, ఆ సున్నపు కొండల మీద మేసేవి, సీమ వాళ్లకి ఇంతకన్నా ఏం కావాల. దాంతో పాటు అడుగంటిన అన్నాన్ని ఎండబెట్టి వేయించిన పెళ్లలు ఇస్తారు, అప్పడాల మాదిరి కరకరమంటాయి, మీద మాంసం పులుసు పోసుకోని తినాల.

హాలాంగ్ బే అదే రాయి, కానీ సముద్రంలో. 1,969 దీవులు అని లెక్క చెప్తారు, 1994లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. హనోయ్ నుంచి హైవే మీద రెండున్నర గంటలు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే పడవలు ఉండాయి, రాత్రి పడవలోనే పండుకునేవి ఉండాయి. డబ్బు ఎక్కువైనా రాత్రి పడవే తీసుకోండి, ముఖ్యంగా పెద్దోళ్లు ఉంటే. పగటి పడవలో నాలుగైదు గంటల్లో అన్నీ చూపించాలని పరిగెత్తిస్తారు. సుంగ్ సోత్ గుహ చానా పెద్దది, 1901లో ఫ్రెంచి వాళ్లు బయటపెట్టింది, లోపల ఒక గదిని దాటి ఇంకోదాంట్లోకి పోయేసరికి కప్పు ఎక్కడుందో తల వెనక్కి వంచి చూడాల. కానీ ఎక్కే మెట్లు, దిగే మెట్లు చానా ఉండాయి, రంగు లైట్లు గూడా వేసినారు, ఆ లైట్లు నాకు నచ్చలే, రాయికి రాయి రంగే అందం. టీ టాప్ దీవికి వ్యోమగామి టిటోవ్ పేరు పెట్టినారు, 1962లో హో చి మిన్‌తో పాటు ఆయన అక్కడికి వచ్చినాడని. పైకెక్కితే బే మొత్తం కనపడతాది. అమ్మ ఎక్కలేదు, బదులుగా వెదురు పడవలో కొండ కింద సందులోంచి లోపలి మడుగులోకి పోయి వచ్చింది, ఆమెకి అదే ఎక్కువ నచ్చింది. పడవ డెక్ మీద మా వాడు 2 లక్షల డాంగ్ నోటు తీసి పట్టుకోని, దాని మీద అచ్చేసిన ధూపం కుండ ఆకారపు దీవి ఏదని వెతికి వెతికి పట్టుకున్నాడు.

ఒక హెచ్చరిక. అక్కడ గాలివాన సూచన ఉంటే రేవు అధికారులు పడవల్ని ఆపేస్తారు, 2024 సెప్టెంబర్‌లో యాగి తుఫాను ఆ తీరాన్ని చానా దెబ్బ తీసింది. ఆపేస్తే గొడవ పడద్దు, అది మన ప్రాణం కోసమే. బుక్ చేసేటప్పుడే, పడవ పోకపోతే డబ్బు వాపసు ఎట్ల అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. హాలాంగ్‌ని ట్రిప్ చివరి రోజున పెట్టకుండా మధ్యలో పెట్టుకుంటే ఒక రోజు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మేం అట్లే పెట్టుకున్నాం.

ఖర్చు అందరూ అడుగుతాండారు. విమానం టికెట్లు మూడు నెలల ముందు తీసుకున్నాం, హోటళ్లు మామూలువి, రాత్రి పడవ ఒక్కటే కొంచెం ఖరీదు, అన్నీ కలిపి మనిషికి లక్ష లోపే అయ్యింది. ప్యాకేజీలో అయితే అదే డబ్బుకి నాలుగు ఊర్లు తిప్పుతారు, నిజమే, కానీ ట్రాంగ్ ఆన్‌లో మూడు గంటలు కూర్చోనివ్వరు.

నాకు మిగిలింది ఫోంగ్ న్యా. మధ్య వియత్నాంలో ఉంది కాబట్టి ఈసారి వరదలకి భయపడి వదిలేసినాం. ప్రపంచంలోనే పెద్ద గుహ సన్ దూంగ్ ఉండేది ఆడే, హో ఖాన్ అనే అడవిలో తిరిగే ఆయన వానకి తలదాచుకోను పోయి దాని నోరు చూసి, తర్వాత దోవ మర్చిపోయి, ఏళ్ల తరబడి వెతికి మళ్లీ పట్టుకున్నాడు, 2009లో బ్రిటిష్ వాళ్లు వచ్చి కొలిచినారు. మన బేలం గూడా ఊరి వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు, 1982, 83లో జర్మనీ నుంచి గెబావర్ వాళ్ల జట్టు వచ్చి కొలిచినాకే బయటికి తెలిసింది. సన్ దూంగ్ లోపలికి పోవాలంటే మూడు వేల డాలర్లు, రోజుల తరబడి అడవి నడక, అది మాతో అయ్యేది కాదు. కానీ పక్కనే ప్యారడైజ్ గుహ ఉంది, 31 కిలోమీటర్లు, దాంట్లో ఒక కిలోమీటర్ చెక్క దోవ వేసినారు, మెట్ల దాకా బ్యాటరీ బండి ఉంటాది కాబట్టి అమ్మ నిదానంగా ఎక్కగలదు. హనోయ్ నుంచి దోంగ్ హోయ్‌కి రాత్రి రైలు, అక్కడి నుంచి కార్లో గంట. మా వాడికి మేలో సెలవులు, ఎండ ఉంటాది కానీ వరద ఉండదు, గుహ లోపల చల్లగానే ఉంటాది. టికెట్ రేట్లు చూస్తాండా, మీలో ఎవరైనా ఎండాకాలం పెద్దోళ్లతో అటు పోయి వచ్చింటే ఆ మెట్ల సంగతి, రైల్లో కింది బెర్తు దొరికే సంగతి కొంచెం చెప్పండి.